పాత సత్రం కూల్చి కమ్యూనిటీ సెంటర్ కట్టాలా, ఉన్నదాన్నే బాగు చేసుకోవాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ వీధి చివర జమీందారీ కాలం నాటి పెంకుల సత్రం ఉంది. మున్సిపాలిటీ నిధులు వచ్చేలా ఉన్నాయి. సత్రం కూల్చి స్లాబు వేసి కమ్యూనిటీ సెంటర్ కట్టాలని కుర్రాళ్ళు అంటున్నారు, పెద్దవాళ్ళకు మనసొప్పడం లేదు. యూరప్‌లో "న్యూ యూరోపియన్ బౌహౌస్" అనే పేరుతో ప్రభుత్వాలే పూనుకుని పర్యావరణానికి చేటు చేయని, చూడ ముచ్చటైన, అందరికీ చోటు ఉండే కట్టడాలు తెస్తున్నాయని ఆయన చదివారట. మన వైపు అలాంటివి ఉన్నాయా, ఉంటే మా వీధి ఎలా వాడుకోవాలి అని అడుగుతున్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఉన్నాయి. కాకపోతే ఒక పేరుతో, ఒక ఆఫీసులో లేవు. స్థలం హక్కు ఒక శాఖ చూస్తుంది, కూలి డబ్బు ఇంకో పథకంలో వస్తుంది, ర్యాంపు సంగతి వేరే చట్టంలో ఉంటుంది, తుపాను జాగ్రత్తలు మరొకరి పని. ఇవన్నీ కలిసే చోటు ఒక్కటే, మీ పని ఎస్టిమేట్. అది మంజూరు కాకముందే వీధి మొత్తం కూర్చుని మాట్లాడుకోవాలి. మంజూరయ్యాక ఎంత మొత్తుకున్నా గోడ రంగు తప్ప ఏదీ మారదు. ఇక సత్రం విషయం: గోడలు గట్టిగా ఉంటే కూల్చకండి. గట్టిగా ఉన్నాయో లేదో ఎలా చూడాలో కింద రాశాను.

నేను బరంపురం వాడిని, సివిల్ ఇంజినీరుని. గంజాం, గజపతి జిల్లాల్లో పంచాయతీ పనులు, మున్సిపల్ పనులు చేస్తూనే వయసు గడిచింది. అందుకే కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపికగా చదవండి.

ముందు ఆ యూరప్ సంగతి. 2020 సెప్టెంబరులో యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ తన ప్రసంగంలో దీన్ని ప్రకటించారు. 1919లో జర్మనీలోని వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ మొదలుపెట్టిన బౌహౌస్ కళాశాల పేరు దీనికి పెట్టారు. నిలకడ, అందం, కలిసి ఉండడం అనే మూడు మాటలు దానికి పునాది. ఇందులో నాకు బాగా నచ్చింది ఆ మూడింటినీ ఒకేసారి అడగడం. మన దగ్గర మొదట బిల్డింగు కడతాం. డబ్బు మిగిలితే ర్యాంపు, ఇంకా మిగిలితే మొక్కలు, ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు గోడ మీద బొమ్మలు. ఈ వరసలో చివర ఉన్నదానికి డబ్బు మిగలడం నేను దాదాపు చూడలేదు.

అక్కడి కట్టడాల్లో మీ సత్రానికి దగ్గరగా ఉన్నది ఒకటి చెబుతాను. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో గ్రాన్ పార్క్ అనే చోట 1960ల నాటి ప్రభుత్వ ఫ్లాట్లు 530 ఉన్నాయి. కూల్చి కొత్తవి కట్టడం మామూలు పద్ధతి. అన్ లకాటోన్, జాన్ ఫిలిప్ వసాల్ అనే ఆర్కిటెక్టులు తమ సహచరులతో కలిసి ఆ పని చేయలేదు. పాత బ్లాకుల బయటి వైపు అద్దాల వరండాలు అదనంగా చేర్చారు. ఇళ్ళలోకి వెలుతురు వచ్చింది, చోటు పెరిగింది, చలి తగ్గింది. పని జరుగుతున్నన్నాళ్ళూ జనం వాళ్ళ ఇళ్ళలోనే ఉన్నారు. ఆ పనికి 2019లో యూరప్‌లో పెద్దదైన మీస్ ఫాన్ డెర్ రోహ్ అవార్డు వచ్చింది. 2021లో వాళ్ళిద్దరికీ ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. ఉన్నదాన్ని నిలబెట్టి దానికి వరండా చేర్చారు, అంతే. అరుగులూ వసారాలూ ఉన్న వీధుల్లో పుట్టి పెరిగిన మనకు ఇది అర్థం కాని విషయమా?

ఇప్పుడు మన ఒడిశాకి వద్దాం. ఇక్కడ జరిగిన పనుల్లో అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది జగా మిషన్. 2017లో మురికివాడల నివాసులకు భూమి హక్కులిచ్చే చట్టం వచ్చింది, 2018లో మిషన్ మొదలైంది. డ్రోన్లతో బస్తీలను ఫోటోలు తీసి, ఇల్లిల్లూ మ్యాపు మీదికెక్కించి, ఉన్న చోటే పట్టాలిచ్చారు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది. వారసత్వంగా పిల్లలకు వెళ్తుంది, ఇంటి లోనుకు తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్ముకోవడానికి మాత్రం లేదు. ఈ పనికి 2019లో, మళ్ళీ 2023లో వరల్డ్ హాబిటాట్ అవార్డు వచ్చింది. మొదట్లో చట్టం మున్సిపాలిటీలకూ, చిన్న పట్టణాల నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్ళకే వర్తించేది. మా బరంపురం లాంటి కార్పొరేషన్లు 2023 సవరణతో లోపలికి వచ్చాయి. మీ పర్లాకిమిడి మున్సిపాలిటీ కాబట్టి మొదటి నుంచీ పరిధిలోనే ఉంది.

సత్రం గురించి అడిగితే పట్టాల సంగతి ఎందుకంటారేమో. మీ వీధిలో పట్టా లేని ఇళ్ళు ఏవైనా ఉంటే, సత్రం చుట్టూ వీధి ఎంత బాగుపడితే వాళ్ళ గుండెల్లో అంత టెన్షన్ పెరుగుతుంది. వీధి అందంగా తయారైతే స్థలం ధర పెరుగుతుంది, ధర పెరిగితే ముందు కదలమనేది కాగితం లేని వాళ్ళనే. అందరికీ చోటు అంటే మొదట ఉన్న చోటులో ఉండనివ్వడం. రేపు ఖాళీ చేయమంటారేమో అనే భయం ఉన్న మనిషి ఈ రోజు గోడకు సిమెంటు పెట్టడు, చెట్టు నాటడు. అందుకే కమ్యూనిటీ సెంటర్ కన్నా ముందు ఆ కాగితాల సంగతి తేల్చుకోండి.

రెండోది ముక్తా. 2020లో కోవిడ్ సమయంలో పట్టణ పేదలకు కూలి పని కల్పించడానికి మొదలైన పథకం ఇది. దీని ప్రత్యేకత పని ఎవరికి ఇస్తారన్నదే. కాలువలు, పార్కులు, బస్తీల్లో 'పరిచయ' అనే కమ్యూనిటీ సెంటర్లు, ఇలాంటి చిన్న పనులు కాంట్రాక్టరుకు కాకుండా మహిళా సంఘాలకూ బస్తీ సంఘాలకూ అప్పగించారు. తాను కట్టించిన కాలువలో చెత్త వేస్తే ఊరుకునే ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు. పథకాల పేర్లూ నిబంధనలూ మారుతుంటాయి. ఈ పద్ధతి ఇప్పుడు ఏ పేరుతో నడుస్తోందో మీ మున్సిపల్ ఆఫీసులో కమ్యూనిటీ ఆర్గనైజర్‌ని కలిసి అడగండి. సత్రం మరమ్మతు లాంటి చిన్న పనికి ఈ దారి టెండరు కన్నా నయం.

మూడోది మనందరికీ తెలిసిందే, తుపాను షెల్టర్లు. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10,000 మంది పోయారు. ఆ తర్వాత రాష్ట్రం విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసి తీరమంతా షెల్టర్లు కట్టింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు సుమారు 10 లక్షల మందిని ముందుగానే తరలించారు. ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఆ షెల్టరు కట్టడాన్ని ఎప్పుడైనా నిదానంగా చూడండి. కింది అంతస్తు స్తంభాల మీద తెరిచి ఉంటుంది, నీళ్ళు వస్తే వెళ్ళిపోతాయి. ముసలివాళ్ళకూ నడవలేని వాళ్ళకూ ర్యాంపు ఉంటుంది. మామూలు రోజుల్లో అందులో బడి నడుస్తుంది. రోజూ వాడే కట్టడమే ఆపదలో పనికొస్తుంది. తాళం వేసి ఉంచింది పనికిరాదు. తాళం తుప్పు పట్టి, తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియక జనం వర్షంలో నిలబడ్డ చోట్లు నాకు తెలుసు. మీ సెంటరులో రోజువారీ ఏం జరుగుతుందో రాసి పెట్టుకోకుండా నక్షా, అంటే ప్లాను, గీయించకండి.

తీరంలో మన తెలుగు మత్స్యకారుల ఊళ్ళు చాలా ఉన్నాయి. గంజాం జిల్లాలోని వెంకట్రాయ్‌పూర్ 2020లో, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహితో పాటు, యునెస్కో నుంచి 'సునామీ రెడీ' గుర్తింపు పొందింది. ఎటు పరుగెత్తాలో చూపే బోర్డులు, ఊరి మ్యాపు, కమిటీ, ఏటా డ్రిల్లు, ఇవీ అక్కడ చేసిన పనులు. సిమెంటు ఖర్చు పెద్దగా లేదు. ఊరిని బాగు చేయడమంటే కట్టడమే కానక్కరలేదని చెప్పడానికి ఆ ఊరిని తలుచుకుంటాను.

ఫైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో గంజాం తీరంలో ఇళ్ళు కట్టించారు. ఇల్లు ఎవరిదో వాళ్ళే కట్టుకోవాలి, పని ఒక్కో దశ దాటాక డబ్బు వాళ్ళ ఖాతాలో పడుతుంది. అప్పుడు ఒక చేపల ఊళ్ళో ముగ్గు పోసే రోజున ఆడవాళ్ళు పని ఆపేశారు. నక్షాలో అరుగు లేదు. వల ఎక్కడ కుట్టాలి, ఎండు చేపలు ఎక్కడ పొయ్యాలి, సాయంత్రం ఎక్కడ కూర్చోవాలి అని వాళ్ళ ప్రశ్న. గది కొలత తగ్గించకుండా ముందు నాలుగడుగుల అరుగు, దానికి విడిగా రేకు చూరు పెట్టుకున్నాం. విడిగా ఎందుకంటే, వసారా కప్పు ఇంటి కప్పుకు అతికి ఉంటే గాలి చూరు కింద దూరి మొత్తం కప్పును లేపేస్తుంది. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆ ఊళ్ళో కొన్ని ఇళ్ళ వసారా రేకులు పోయాయి కానీ ఇంటి కప్పులు నిలిచాయి. ఆడవాళ్ళు అడిగింది కూర్చునే చోటు. దాని కోసం నక్షా విప్పబట్టి తుపాను సంగతి కూడా సరిగ్గా ఆలోచించగలిగాం. వీధుల్లో ఇంజినీర్ల కన్నా ముందు ఆడవాళ్ళని కూర్చోబెట్టమని నేను చెప్పేది ఇందుకే.

సరే, మీ సత్రం. నేనైతే ఈ క్రమంలో చూస్తాను.

గోడలు. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు తేమ ఉందా, ఉప్పు పూసిందా చూడండి. ఉంటే వెంటనే కూల్చేయమని కాదు. చాలా పాత కట్టడాలకు ఈ జబ్బు మధ్యలో ఎవరో చేసిన సిమెంటు ప్లాస్టరింగ్ వల్ల వస్తుంది. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు కొడితే తేమ లోపలే ఉండిపోయి ఇటుకను తినేస్తుంది. మా బరంపురం నేతగాళ్ళ వీధుల్లో ఇలా పాడైన గోడలు ఎన్నో. సిమెంటు రాల్చేసి, గోడను ఒక వేసవి ఆరనిచ్చి, సున్నంతో పూస్తే తేరుకుంటాయి. పునాది దగ్గర నుంచి పైదాకా ఏటవాలుగా పోయే పగులు ఉండి, దాని మీద అతికించిన అద్దం ముక్క కొన్నాళ్ళకు పగిలితే మాత్రం గోడ ఇంకా కదులుతోందని అర్థం. అప్పుడు ఇంజినీరుకు చూపించకుండా లోపలికి ఎవరినీ పంపొద్దు.

కప్పు. దూలాల చివరలు గోడలో దిగే చోట సూదిలాంటి ఇనప చువ్వతో పొడిచి చూడండి. చెద, పుచ్చు అక్కడే మొదలవుతుంది. నడుము భాగం గట్టిగా ఉండి కొసలు మాత్రమే పోతే దూలం మొత్తం మార్చక్కరలేదు, కొసలకు కొత్త కర్ర అతికించే వడ్రంగులు ఇంకా ఉన్నారు. మన ప్రాంతం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి కొన్ని చోట్ల మద్రాసు టెర్రస్ కూడా కనిపిస్తుంది, టేకు వాసాల మీద ఇటుకను నిలువుగా పేర్చి సున్నం వేసిన కప్పు. అది ఉంటే మీ అదృష్టం, నీళ్ళు నిలవకుండా చూసుకోండి చాలు.

పక్క గోడ. వరస ఇళ్ళలో పక్కింటికీ మీకూ గోడ ఒకటే అవుతుంది. సత్రం కూలిస్తే పక్కిల్లు ఒరుగుతుంది. ఈ ఒక్క కారణం చెప్పినా కుర్రాళ్ళు కాస్త ఆగుతారు. ఇంకో లాభం కూడా చెప్పండి. వరసలో ఉన్న ఇంటికి ఎండ తగిలేది ముందూ వెనకా, పైనా మాత్రమే. అందుకే ఈ ఇళ్ళు చల్లగా ఉంటాయి. విడిగా నిలబెట్టిన స్లాబు హాలు నాలుగు వైపులా కాగుతుంది, మే నెలలో మధ్యాహ్నం అందులో ఎవరూ కూర్చోరు.

స్లాబు కావాలనే కుర్రాళ్ళను తప్పుపట్టకండి. వాళ్ళకు మంచి హాలు కావాలి, చదువుకునే గది కావాలి, పెళ్ళికి అద్దెకు ఇచ్చుకుంటే డబ్బు రావాలి. అవి న్యాయమైన కోరికలు. సత్రం వెనక పెరడు ఉంటే కొత్త గది అక్కడ కట్టండి. మరుగుదొడ్లు, వంటగది కొత్త భాగంలోకి వెళ్తే పాత గోడలకు తడి తగలదు. కొత్త స్లాబు పైన తెల్ల సున్నం వేయించండి, లోపల వేడి తేడా మీకే తెలుస్తుంది. ఇటుక పనికి, తక్కువ ఖర్చు ఇళ్ళకు పేరుపడ్డ ఆర్కిటెక్టు లారీ బేకర్ ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ పద్ధతి అడగండి. ఇటుకను నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు, ఇటుక సుమారు పావు వంతు ఆదా అవుతుంది, ఆ ఖాళీ వేడిని ఆపుతుంది. మేస్త్రీకి కొత్తయితే ముందు ఒక చిన్న ప్రహరీ మీద చేయించి చూడండి.

ఇక ర్యాంపు. దీని గురించి కొంచెం కోపంగానే రాస్తున్నాను. ఒక ప్రభుత్వ భవనానికి రాసిన బిల్లులో ర్యాంపు ఉంది, కట్టినదీ ఉంది. కానీ అది ఎంత నిటారుగా ఉందంటే మూడు చక్రాల బండి మీద వచ్చే మనిషిని ఇద్దరు పట్టుకుని ఎత్తాల్సి వచ్చేది. ఆయన తర్వాత రావడం మానేశాడు. లెక్క చాలా సులువు. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండాలి. మీ సత్రం గడప వీధి కన్నా 45 సెంటీమీటర్లు ఎత్తుంటే ర్యాంపు 5.4 మీటర్లు కావాలి. 60 ఉంటే 7.2 మీటర్లు. వీధి ఇరుకైతే పక్క నుంచి పెరట్లోకి మలుపు తిప్పండి. వెడల్పు 120 సెంటీమీటర్లకు తగ్గొద్దు, రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. మరుగుదొడ్డి తలుపు 90 సెంటీమీటర్లు, బయటికి తెరుచుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం ఈ ప్రమాణాలు పాటించని నక్షాకు అనుమతి ఇవ్వకూడదు. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఇవి సిఫార్సుల్లా ఉంటే చాలదని, తప్పనిసరి ప్రమాణాలు తేవాలని కేంద్రానికి చెప్పింది. ఈ రెండూ మీ అర్జీలో రాయండి. జూనియర్ ఇంజినీరు గారు ఎస్టిమేట్ మళ్ళీ తెరుస్తారు.

బోర్డులు ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి, బొమ్మ గుర్తులూ ఉండాలి. కొండల నుంచి సంతకు దిగే సవర గిరిజనులు కూడా ఆ సత్రం అరుగు మీద కూర్చుంటారు, వాళ్ళకు తాగునీళ్ళు, నీడ ఉండేలా చూడండి. దీనికి అడ్డుపడే వాళ్ళు వీధిలో ఉంటే వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. ఎవరు కూర్చోవచ్చో ఎవరు కూర్చోకూడదో అనే మాట ఒకసారి మొదలైతే ఆ కట్టడం ఎంత ముచ్చటగా ఉన్నా దండగే.

అందం గురించి నా అభిప్రాయం వేరేగా ఉంటుంది, కొందరికి నచ్చదు. సుందరీకరణ పేరుతో ప్రతి ప్రహరీ మీదా సవర బొమ్మలు వేయడం నాకు ఇష్టం లేదు. సవరలు ఇంటి లోపలి గోడ మీద వేసే ఇడిటాల్ అనే బొమ్మ వాళ్ళ దేవతలకూ పెద్దలకూ సంబంధించినది. దాన్ని అడగకుండా తెచ్చి మరుగుదొడ్డి గోడ మీద వేయడం అవమానం. వాళ్ళ కళాకారులను పిలిచి, ఏది వేయొచ్చో అడిగి, కూలి ఇచ్చి వేయించుకుంటే సంతోషం. సత్రం అందం అయితే మీ ముందే ఉంది. స్తంభాల వరస, చూరు ఎత్తు, అరుగు మీద పడే నీడ. వాటికి అడ్డంగా రేకు షెడ్డు, ఫ్లెక్సీ బోర్డు, పెద్ద ఏసీ పెట్టెలు పెట్టకపోతే సగం పని అయినట్టే. పశువుల కొమ్ములతో వస్తువులు చేసే మీ ఊరి పనివాళ్ళకు అరుగు పక్కన ఒక చిన్న గది అద్దెకు ఇస్తే సత్రంలో రోజూ మనుషులు ఉంటారు, నెలకు కొంత డబ్బూ వస్తుంది.

ఆ డబ్బు ముఖ్యం. సర్కారు కట్టడానికి ఇస్తుంది, ఊడ్వడానికి ఇవ్వదు. సున్నం రెండేళ్ళకోసారి, పెంకులు సర్దడం ఏటా వానలకు ముందు, కాలువ నెలనెలా. వీటికి ఎంతవుతుందో, ఎవరు చేస్తారో, పెళ్ళి అద్దె ఎంతో, పేదింటి పెళ్ళికి ఎంత తగ్గిస్తారో ఒక పుస్తకంలో రాసి మహిళా సంఘం చేత సంతకం పెట్టించండి. ఈ పుస్తకం లేని కమ్యూనిటీ హాళ్ళు మన జిల్లాల్లో గోడౌన్లయిపోయాయి, పేకాట గదులయిపోయాయి.

ఇప్పుడు చేయాల్సింది: వార్డు కౌన్సిలర్‌ని కలిసి, పని ఇంకా ప్రతిపాదన దశలోనే ఉందా, ఎస్టిమేట్ వేశారా కనుక్కోండి. వేసి ఉంటే కాపీ అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. సత్రం స్థలం ఎవరి పేరున ఉందో తహసీల్ ఆఫీసులో చూడండి. దేవాదాయం వాళ్ళదో, ట్రస్టుదో అయితే వాళ్ళ అనుమతి లేకుండా మున్సిపాలిటీ ఒక్క రూపాయి ఖర్చు పెట్టడానికి వీల్లేదు, ఇక్కడే చాలా పనులు ఏళ్ళ తరబడి ఆగిపోతాయి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువ. ముసలి మేస్త్రీ ఎవరైనా ఉంటే ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, ఇద్దరు కుర్రాళ్ళను ఆయన దగ్గర పనికి పెట్టండి.

గోడల ఫోటోలు, దూలాల కొసలు, గడప ఎత్తు, పెరటి కొలతలు ఇక్కడ పెడితే ర్యాంపు ఎటు తిప్పాలో, పాత కప్పు ఉంచొచ్చో లేదో చూసి చెబుతాను. వానలు మొదలయ్యే లోపు పెట్టండి, తడి గోడ ఫోటోలో తేమ ఎంతో తెలియదు.